పది లెక్కపెట్టి ఆపండి: ఆటిజం ఉన్న పిల్లల తలస్నానానికి ఒక చిట్కా

ఆటిజం ఉన్న పిల్లలు తలస్నానం అనగానే ఏడిస్తే దాన్ని మొండితనం అనుకోకండి. నీళ్లు ఎప్పుడు పడతాయో, ఎప్పుడు ఆగుతాయో తెలియకపోవడం కూడా చాలామందికి పెద్ద టెన్షన్. అందుకే "పది అంకెలు, తర్వాత ఆపేస్తాను" అని ముందే చెప్పి, పైకి లెక్కపెడుతూ నీళ్లు పోయండి. పది రాగానే, నురగ మిగిలినా సరే, ఆపాల్సిందే. మొహం తుడిచి, కాస్త కుదుటపడ్డాక మళ్లీ పది. "ఇంకొంచెమే, అయిపోయింది" అంటూ ఒక్కసారి మాట తప్పినా ఆ నమ్మకం మళ్లీ రావడం చాలా కష్టం. మాటలు ఇంకా రాని పిల్లలకు ఒక్కో వేలు మడుస్తూ చూపించండి.

పొడి తువ్వాలు మడిచి చేతికిచ్చి, కళ్లకు అడ్డంగా వాళ్లనే పట్టుకోమనండి. అది తడిస్తే వెంటనే ఇంకోటి ఇవ్వండి. తల వెనక్కి వాలితే నీళ్లు మొహం మీదికి రావు. తువ్వాలు అడ్డం పెట్టుకోని పిల్లలకైతే, బాత్రూమ్ గోడకు పైన వాళ్లకిష్టమైన బొమ్మ అంటించి చూడమంటే తల దానంతటదే పైకి లేస్తుంది.

వేళ్ల కొసలతో పైపైన రుద్దితే కొందరు అస్సలు భరించలేరు, నిజంగానే బాధగా ఉంటుంది వాళ్లకి. అరచేతితో నిదానంగా, కాస్త ఒత్తి రుద్ది చూడండి. షవర్ చప్పుడు పడకపోతే మగ్గు చాలు. షాంపూ ఘాటైన వాసన లేనిదైతే మేలు, అదీ కొంచెమే వాడండి, త్వరగా పోతుంది.

మరీ కష్టమైన రోజున తడిబట్టతో తల తుడిచి వదిలేయండి.