ఆరు రంగుల ప్రైడ్ జెండా ఇంట్లో కుట్టడం ఎలా?

ఇంద్రధనుస్సు అనగానే బళ్ళో చదివిన విబ్‌జియార్ గుర్తొచ్చి ఏడు రంగుల గుడ్డలు కొనేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. లేత నీలం కూడా కలిపి ఏడు చారలు కుట్టి ఎరుపు పైన పెడితే అది పెరూలోని కుస్కో నగరం 2021 దాకా వాడిన జెండా. ఊదా పైకొస్తే ఇటలీ శాంతి ర్యాలీల జెండా. ప్రైడ్ జెండాకు, అంటే స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు వగైరా ఎల్‌జీబీటీ వర్గాల హక్కుల జెండాకు ఉన్నవి ఆరే: పై నుంచి ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా.

మొదట ఉన్నవి మాత్రం ఎనిమిది. కళాకారుడు గిల్బర్ట్ బేకర్, లిన్ సెగర్‌బ్లోమ్, జేమ్స్ మెక్‌నమారా, మరికొందరు వాలంటీర్లు కలిసి నూలు గుడ్డకు చేత్తో రంగులద్ది కుట్టిన జెండాలు 1978 జూన్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎగిరాయి. అంతకుముందు ఉద్యమం వాడుతున్న గులాబి త్రిభుజం, నాజీలు నిర్బంధ శిబిరాల్లో స్వలింగ సంపర్కులైన ఖైదీల బట్టలకు కుట్టించిన ముద్ర. హింసించినవాళ్ళు అంటగట్టిన గుర్తు కాకుండా తమదంటూ ఒకటి ఉండాలన్నది బేకర్ పట్టుదల. ఒక్కో రంగుకూ ఒక అర్థం చెప్పాడు: ఎరుపు జీవం, నారింజ స్వస్థత, పసుపు సూర్యకాంతి, ఆకుపచ్చ ప్రకృతి, ఊదా ఆత్మ. పైన ముదురు గులాబి శృంగారానికి, నడుమ నీలాకుపచ్చ కళకూ ఇంద్రజాలానికీ, ఇండిగో ప్రశాంతతకు.

ముదురు గులాబి ఎందుకు పోయిందంటే, పెద్ద ఎత్తున జెండాలు తయారు చేయబోతే ఆ రంగు గుడ్డ దొరకలేదు. అంతే! ఏడు మిగిలాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మార్కెట్ స్ట్రీట్ దీపస్తంభాలకు నిలువుగా వేలాడదీస్తే నడిమి చార స్తంభం చాటున పడిపోయేది. 1979లో నీలాకుపచ్చ తీసేసి సరిసంఖ్య చేశారు, ఇండిగో బదులు నీలం వచ్చింది. అర్థాల కోసం తలలు పట్టుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

గుడ్డ

ఊరేగింపులో పట్టుకు నడవడానికి 24 × 36 అంగుళాల జెండా చాలు. మ్యాచింగ్ సెంటర్లో 44 అంగుళాల పన్నా పాప్లిన్ ఒక్కో రంగు పావు మీటరు చొప్పున తీసుకోండి. ఆరు గుడ్డలనూ పక్కపక్కన పరిచి, పగటి వెలుతురులో చూసి ఎంచుకోండి. ట్యూబ్‌లైటు కింద నీలం, ఊదా కలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఎరుపునూ ఊదానూ విడివిడిగా నీళ్ళలో నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా జాడించండి. మిగతావీ ఒకసారి తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాలి.

కత్తిరింపు

ప్రతి పట్టీ పొడవు 38 అంగుళాలు, పన్నాకు అడ్డంగా. లోపలి నాలుగు రంగులు 5 అంగుళాల వెడల్పు, ఎరుపూ ఊదా ఐదున్నర. బయటి అంచు మడతకు కావలసిన ఆ అర అంగుళం మరిచిపోతే పైచారా కిందిచారా మిగతావాటికంటే సన్నగా తేలతాయి, ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది.

కుట్టు

1. రెండు పట్టీల తిరగవైపులు కలిపి అర అంగుళం మార్జిన్‌తో కుట్టండి.

2. ముదురు రంగు మార్జిన్‌ను సగానికి కత్తిరించండి. లేత రంగు మార్జిన్‌ను దాని మీదుగా మడిచి, ముదురు చార వైపు పడుకోబెట్టి రెండో కుట్టు వేయండి. పసుపు వైపు మడిస్తే ఎండలో ఆకుపచ్చ నీడ గీతలా కొడుతుంది.

3. ఒక అతుకు ఎడమ కొస నుంచి మొదలుపెడితే, తర్వాతది కుడి కొస నుంచి. అన్నీ ఒకే వైపు నుంచి కుడితే మిషన్ కింది గుడ్డను లాగి జెండా మొత్తం వంకర పోతుంది. చేత్తో గుంజకండి, చారలు అలలు తిరుగుతాయి.

4. పైన, కింద అర అంగుళం చొప్పున రెండు మడతలు. గాలికి కొట్టుకునే కొసన ముందు అర, తర్వాత ఒక అంగుళం మడిచి రెండు వరసల కుట్టు.

కర్ర తొడుగుకు తెల్ల కాన్వాస్ 26 × 5 అంగుళాలు. పొడవు కొసలు అంగుళం, వెడల్పు అంచులు అర అంగుళం లోపలికి మడిచి, సగానికి మడత పెట్టి, జెండా అర అంగుళం దూర్చి కుట్టాలి. పై కొస మూసేయండి, లేకపోతే కర్ర పైకి పొడుచుకొస్తుంది. ముప్పావు అంగుళం లావు కర్ర సరిగ్గా పడుతుంది.

గోడకు నిలువుగా కడితే ఎరుపు చూసేవారి ఎడమకు రావాలి. వానలో తడిస్తే మడిచి పెట్టకుండా పరిచి ఆరేయండి, లేదంటే ఎరుపు వెళ్ళి పసుపుకు అంటుకుంటుంది. ముందు చిరిగేది గాలికొస. చిరిగినంత మేర కత్తిరించి మళ్ళీ మడిచి కుడితే ఇంకో ఏడాది వస్తుంది.