నీడిల్ తిప్పే ముందు మఫ్లర్ చూడండి

మోడల్ విమానం ఇంజన్ సరిగ్గా ఆడకపోతే అందరి చెయ్యీ ముందు నీడిల్ మీదికే, అంటే కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని హెచ్చించి తగ్గించే మర మీదికే పోతుంది. రెండు క్లిక్కులు ఇటు, నాలుగు క్లిక్కులు అటు. సాయంత్రానికి ఉన్న సెట్టింగ్ కాస్తా పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. గ్లో ఇంజన్ (వేడెక్కిన గ్లో ప్లగ్‌తో మెథనాల్ ఇంధనాన్ని మండించే ఇంజన్) మోడల్ విమానాల్లో ఎగ్జాస్ట్ లోపం చాలాసార్లు కార్బ్యురేటర్ లోపంలా కనిపిస్తుంది. కారణం చిన్నదే. మఫ్లర్ నుంచి సన్నటి ట్యూబ్‌లో వచ్చే ప్రెషరే ట్యాంక్‌లో ఇంధనాన్ని ఇంజన్ వైపు నెడుతుంది. అక్కడ లీకైతే ఇక్కడ మిక్స్చర్ లీన్ అయిపోతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం తక్కువవుతుంది. కింద చెప్పేవి ముఖ్యంగా .46 సైజు (0.46 క్యూబిక్ అంగుళాల) టూ-స్ట్రోక్ గ్లో ఇంజన్ల గురించి. పెట్రోల్, ఫోర్-స్ట్రోక్ సంగతి వేరైన చోట విడిగా చెప్తాను.

నేల మీద బాగుంది, గాల్లో ముక్కు లేపగానే ఆగిపోతోంది

ముక్కు పైకి లేస్తే ట్యాంక్ కంటే ఇంజన్ ఎత్తులోకి వెళ్తుంది. ఇంధనం ఎక్కాలంటే ప్రెషర్ కావాలి. ముందుగా మఫ్లర్ నిపిల్ (ప్రెషర్ ట్యూబ్ తొడిగే చిన్న మొన) దగ్గర సిలికాన్ ట్యూబ్ చివర చూడండి. వేడికి అక్కడ గట్టిపడి, వేలితో వంచితే సన్నటి చీలిక బయటపడుతుంది. చివర ఒక సెంటీమీటరు కోసి మళ్లీ తొడిగితే చాలు. ట్యూబ్ బాగానే ఉంటే నిపిల్ కన్నం మసితో పూడుకుపోయి ఉండొచ్చు, సన్నటి తీగతో గుచ్చి శుభ్రం చేయండి. నిపిల్ కింద వాషర్ ఉందో లేదో కూడా చూడండి, విప్పినప్పుడు చాలామంది పారేసుకునేది అదే.

పరీక్ష ఇలా: ఇంకొకరు విమానాన్ని వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలి. ఫుల్ త్రాటిల్‌లో ముక్కు నిటారుగా పైకెత్తి కొన్ని సెకన్లు ఉంచాలి. శబ్దం కొంచెం పెరిగితే మంచిదే. నీరసపడితే ఇంకా లీన్‌గానే ఉందన్నమాట. ప్రొపెల్లర్ ముందూ పక్కనా ఎవరూ నిలబడకూడదు.

ఇంకో మాట. ఇంధనం నింపేటప్పుడు ప్రెషర్ ట్యూబ్ విప్పేయండి. విప్పకపోతే ట్యాంక్ నిండి పొర్లిందంతా మఫ్లర్‌లోకి, తలకిందులుగా బిగించిన ఇంజన్ అయితే సిలిండర్‌లోకి కూడా పోతుంది. దాని మీద ఎలక్ట్రిక్ స్టార్టర్ పెడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్టార్టర్ పెట్టే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో ఒకసారి తిప్పండి, అడ్డు తగిలితే ప్లగ్ విప్పి ఇంధనం బయటికి తోలండి.

మఫ్లర్ అతుకు దగ్గర నల్లటి నూనె చారలు, శబ్దం మారింది

ఎక్కువమందికి వచ్చేది ఇదే. గ్లో ఇంధనంలో సుమారు 18 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. అది చాలావరకు కాలకుండా ఎగ్జాస్ట్‌లోంచే బయటికి పోతుంది. మఫ్లర్ మూతి నుంచి వస్తే సహజం. ఇంజన్‌కీ మఫ్లర్‌కీ మధ్య నుంచి నల్లగా కారుతుంటే బోల్టులు వదులైనట్టే. అల్యూమినియం వేడికి వ్యాకోచిస్తుంది, చల్లారితే ముడుచుకుంటుంది, పైన వైబ్రేషన్ ఒకటి. కొత్త ఇంజన్‌లో మొదటి కొన్ని ట్యాంకులకే వదులవడం మామూలే.

ఊరికే బిగించి వదిలేస్తే మళ్లీ వదులవుతుంది. మఫ్లర్ విప్పండి. రెండు ముఖాలనూ అసిటోన్‌తో గానీ థిన్నర్‌తో గానీ తుడవండి, గుడ్డకి పసుపు మరక అంటనంతవరకు. ఆముదం కలిసిన ఇంధనం వాడేవాళ్లకి ఆ జిడ్డు ఒక పట్టాన వదలదు. బోల్టు కన్నాల్లో నూనె ఉంటే థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా మరలకి రాసే జిగురు) పట్టదు. నీలం రకం థ్రెడ్‌లాకర్లు దాదాపు 150 నుంచి 180 డిగ్రీల వరకే తట్టుకుంటాయి కాబట్టి ఇక్కడ ఎక్కువ వేడికి పనికొచ్చే రకమే తీసుకోండి. రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటే పూర్తిగా బిగిస్తే మఫ్లర్ ఒక పక్కకి వాలిపోతుంది. ఒక ట్యాంక్ నడిపి, ఇంకా గోరువెచ్చగా ఉండగా మళ్లీ చూడండి.

గ్యాస్కెట్ చిరిగిందా? కూల్‌డ్రింక్ క్యాన్ రేకు మీద మఫ్లర్ ముఖం గీసుకుని కత్తెరతో కోస్తే పని జరుగుతుంది. కోసిన అంచుల గరుకు సాండ్‌పేపర్‌తో తీసేయండి. ఎర్రటి హై-టెంపరేచర్ సిలికాన్ రాయాలనుకుంటే గోరంత పలచగా రాసి, ఒక రోజు ఆరనివ్వండి. దట్టంగా రాస్తే లోపలికి పిండుకుని ఎగ్జాస్ట్ దారికే అడ్డం పడుతుంది.

మూడు ముక్కల మఫ్లర్లలో మరో చోట కూడా చూడాలి. మధ్యలో పొడుగాటి బోల్టు, దాని చివర లాక్‌నట్ ఉంటాయి. మూతిని కావలసిన వైపుకి తిప్పుకున్నాక ఆ నట్ బిగించడం మర్చిపోతే వెనక ముక్క గాల్లోనే ఊడి పడిపోతుంది. పొలంలో పడితే దొరకడం కష్టమే.

బోల్టు బిగియడం లేదు, ఊరికే తిరుగుతోంది

ఇంజన్‌లో బోల్టు కన్నం మరలు అరిగిపోయాయి. పెద్ద బోల్టు బలవంతంగా దూర్చకండి. హెలికాయిల్ (అరిగిన కన్నంలో కొత్త మరలకి వేసే తీగ చుట్ట) వేయించడమే మంచి దారి, గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపులు ఈ పని చేస్తాయి. మఫ్లర్ పగిలితే ఆర్గాన్ వెల్డింగ్. కానీ పోత అల్యూమినియంలో ఇంకిన నూనె అలాగే ఉంటే వెల్డింగ్ అంతా బుడగలు బుడగలుగా వస్తుంది. తెలిసిన వెల్డరైతే “ముందు నూనె కాల్చి తెండి సార్” అనే అంటాడు. చిన్న మఫ్లర్‌కి ఇంత ఖర్చు దండగ, కొత్తది కొనండి.

హెడర్, పైపు మధ్య సిలికాన్ కప్లర్ కాలిపోతోంది

ఇంజన్‌కి బిగించే తొలి పైపు హెడర్, దాన్ని వెనక పైపుతో కలిపే గొట్టం కప్లర్. దాని లోపల రెండు లోహపు చివరల మధ్య సందు ఎక్కువైతే వేడి గ్యాస్ నేరుగా సిలికాన్‌కి తగులుతుంది. అలాగని అవి ఒకదానికొకటి తగిలి ఉంటే వైబ్రేషన్‌కి కొట్టుకుంటాయి. రెండు మూడు మిల్లీమీటర్ల సందు సరిపోతుంది. పైన క్లాంపులు వేయండి. పెట్రోల్ ఇంజన్‌కి మామూలు సిలికాన్ నిలవదు, టెఫ్లాన్ కప్లర్ పెట్టాల్సిందే.

ట్యూన్డ్ పైపు (ఇంజన్ పవర్ పెంచేలా పొడవు సరిచూసి పెట్టే ఎగ్జాస్ట్ పైపు) విషయంలో ఒకటే జాగ్రత్త: పొడుగ్గా మొదలుపెట్టి కొద్దికొద్దిగా కోసుకురండి. మరీ పొట్టిగా కోస్తే ఇంజన్ వేడెక్కిపోతుంది, కోసింది అతకదు. మొదటి విమానానికైతే దాని జోలికే వెళ్లొద్దంటాను.

కౌల్ (ఇంజన్ చుట్టూ ఉండే కవర్) లోపల బిగించాక ఇంజన్ వేడెక్కుతోంది

పిట్స్ మఫ్లర్ (కౌల్ లోపల ఇమిడే రకం) కౌల్ లోపలే వేడి కక్కుతుంది. ముందు కన్నం పెద్దది చేస్తే లాభం లేదు. గాలి బయటికి పోయే దారి, లోపలికి వచ్చే దారికి రెండు మూడు రెట్లు ఉండాలి. కౌల్ వెనక కింది భాగం కోయండి.

ఫోర్-స్ట్రోక్ పైపు ఊడిపోతోంది

మర పైపు వెనక లాక్‌నట్ వదులై ఉంటుంది. పైపుని పట్టుకుని నట్‌ని దానికి ఎదురు తిప్పి బిగించాలి.

బోల్టులకి తుప్పు, ఇంజన్ బిగుసుకుపోతోంది

ఇది మన విశాఖ సముద్రపు గాలి పుణ్యం. మామూలు స్టీల్ అల్లెన్ బోల్టుల తల తుప్పు పట్టి కీ జారిపోతుంది. స్టెయిన్‌లెస్ వేయండి, థ్రెడ్‌లాకర్ తప్పకుండా పెట్టండి. లేకపోతే ఉప్పు గాలికి స్టెయిన్‌లెస్, అల్యూమినియం కలిసిన చోట తెల్లటి బూజులా తేలి బోల్టు ఇరుక్కుంటుంది. మెథనాల్ గాలిలో తేమని లాగేస్తుంది, డబ్బా మూత ఒక్క నిమిషం కూడా తెరిచి పెట్టకండి. ఆట అయ్యాక ఇంధనం ట్యూబ్ నొక్కిపట్టి, లోపల మిగిలిన ఇంధనం అయిపోయి ఇంజన్ ఆగేదాకా నడిపి, ప్లగ్ కన్నంలో ఆఫ్టర్-రన్ నూనె (తుప్పు పట్టకుండా వాడకం తర్వాత వేసేది) కొన్ని చుక్కలు వేసి చేత్తో తిప్పండి. విమానాన్ని మఫ్లర్ మూతి కిందికి ఉండేలా పెట్టి, కింద పాత పేపరు పరవండి.

ఇవన్నీ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నడిపి చూడొద్దు, ఎంవీపీ కాలనీలో పక్కింటివాళ్లు ఊరుకోరు. ఊరి బయట ఖాళీ స్థలం చూసుకోండి. ఎగరేసే ముందు మాత్రం డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం విమానయాన శాఖ పెట్టిన వెబ్‌సైట్) మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉన్న ఊరు ఇది.