ఈడిపస్ కాంప్లెక్స్ మీద వాదనకి దిగేముందు

ముందు సైకోఎనాలిసిస్ (మనోవిశ్లేషణ) మొదలుపెట్టిన డాక్టర్ ఫ్రాయిడ్ దీని గురించి ఏమన్నాడో సరిగ్గా తెలుసుకోండి, సగం గొడవ అక్కడే. మూడు నుంచి ఐదారేళ్ల మగపిల్లాడికి అమ్మ మీద కోరిక, నాన్నతో పోటీ, అదీ వాడికే తెలీకుండా, అని ఆయన మాట. "మావాడు అమ్మ కొంగు వదలడు" అనేది దీనికి ప్రూఫ్ కాదండీ, అది బౌల్బీ అనే సైకియాట్రిస్ట్ చెప్పిన, భద్రత కోసం పెంచేవాళ్లని అంటిపెట్టుకునే అటాచ్‌మెంట్, రెండూ కలిపేస్తే దొరికిపోతారు.

తర్వాత ఆధారం అడగండి. అవతలివాళ్లు 1909 నాటి లిటిల్ హాన్స్ కేసు తీస్తారు, గుర్రాలంటే హడలిపోయే ఐదేళ్ల పిల్లాడు, ఆ గుర్రం నిజానికి నాన్నకి గుర్తు, వాడి భయం నాన్నంటేనే అని ఫ్రాయిడ్ అన్నాడు. ఆ ట్రీట్‌మెంట్‌లో ఫ్రాయిడ్ వాణ్ణి చూసింది ఒక్కసారే, మిగతాదంతా వాళ్ల నాన్న రాసి పంపిందే, పైగా ఆ నాన్న ఫ్రాయిడ్ అభిమాని! బండి గుర్రం పడిపోవడం వాడు కళ్లారా చూశాడు కూడా, భయపడ్డానికి అది చాలదా?

ఇంకో మంచి పాయింట్ ఆంత్రొపాలజిస్ట్ (మానవ సమాజాల్ని స్టడీ చేసే ఆయన) మాలినోవ్‌స్కీది. పపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో పిల్లల మీద పెత్తనం మేనమామది, నాన్న ఫ్రెండ్ లాంటోడు, అందుకని అక్కడ కుర్రాళ్ల కోపం మేనమామ మీదే అన్నాడాయన. అంటే గొడవ అమ్మ కోసమా, అధికారం మీదా?

మీరు ఫ్రాయిడ్ వైపైతే మాత్రం "నువ్వు కాదంటున్నావంటే లోపల అణిచేసుకున్నావన్నమాట" అని అనకండి ప్లీజ్, అలాగైతే ఏ థియరీ అయినా గెలుస్తుంది.