లైవ్ రాక్ కదిపే రోజే తెగుళ్ళ పని కూడా పట్టండి

సాల్ట్‌వాటర్ ట్యాంక్‌లో, అంటే సముద్రపు చేపల అక్వేరియంలో, రాళ్ళు మళ్ళీ పేర్చుకోవడం, ఐప్టేసియా (రాళ్ళకి అతుక్కుని పెరిగే, పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే జీవి) లాంటి తెగుళ్ళని, అంటే అక్కర్లేని జీవుల్ని, నాచుల్ని వదిలించుకోవడం రెండూ వేరే వేరే పనులు అనుకుంటారు చాలామంది. నేనైతే రెండూ కలిపే చెయ్యమంటాను. ఎందుకంటే ట్యాంక్ లోపల ఉన్నప్పుడు రాయి వెనక వైపు, అడుగు వైపు మనకి కనపడదు, చెయ్యి కూడా దూరదు, తెగుళ్ళన్నీ సరిగ్గా అక్కడే కాపురం పెడతాయి. రాయి బయటికి వచ్చిన ఆ పది నిమిషాలే దాన్ని అన్ని వైపులా తిప్పి చూసే అవకాశం, అది వదులుకుంటే మళ్ళీ ఎన్నాళ్ళకో.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. లైవ్ రాక్ అంటే అలంకారానికి పెట్టిన రాయి కాదు, అదే మీ ఫిల్టర్. దాని సన్న రంధ్రాల్లో ఉండే బాక్టీరియా చేపల అమోనియాని నైట్రైట్‌గా, అక్కడినుంచి నైట్రేట్‌గా మారుస్తుంది. దాంతో పాటు స్పాంజ్‌లు (ఒళ్ళంతా రంధ్రాలుండే సముద్ర జీవులు), పురుగులు, కోరలైన్ ఆల్గే (రాళ్ళ మీద గట్టి పొరలా పట్టే నాచు) అన్నీ దాని మీదే బతుకుతాయి. స్పాంజ్‌ని గాలిలోకి తీస్తే దాని లోపలి గదుల్లో గాలి ఇరుక్కుని చాలా రకాలు చచ్చిపోతాయి, చచ్చినవి కుళ్ళి మళ్ళీ అమోనియా. ఇక ఇసుక సంగతి, రాళ్ళ కింద ఏళ్ళ తరబడి పేరుకున్న మురికి ఒక్కసారి లేచిందంటే నీళ్ళు బురద అయిపోతాయి, లోతైన ఇసుక అయితే అడుగున నల్లబడిన పొరల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది, కుళ్ళిన గుడ్ల వాసన వస్తే అదే, అది చేపలకి విషం. అందుకే ఒకేరోజు ట్యాంక్ మొత్తం ఖాళీ చేసే ఆలోచన మానుకోండి. మూడో వంతు రాళ్ళు ఒకసారి, రెండు వారాలు ఆగి టెస్టులన్నీ బాగున్నాయంటే ఇంకో మూడో వంతు. చిన్న ట్యాంక్ అయితే ఇంకా జాగ్రత్త, నీళ్ళు తక్కువ కాబట్టి ఏ తేడా వచ్చినా వెంటనే తగులుతుంది.

ముందురోజే ఉప్పు నీళ్ళు కలిపి పెట్టుకోండి, ట్యాంక్ నీళ్ళలో పావు వంతుకి తగ్గకుండా. ఆర్‌ఓ నీళ్ళలో సాల్ట్ మిక్స్ కలిపి ఒక పవర్‌హెడ్ (నీళ్ళలో మునిగి తిప్పే చిన్న పంపు), హీటర్ వేసి రాత్రంతా తిరగనివ్వండి, పొద్దున్నే రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పు శాతం చూసే పరికరం) చూస్తే స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే ఉప్పుని బట్టి మారే నీటి సాంద్రత, మీ ట్యాంక్‌తో సమానంగా ఉండాలి, పగడాలుండే రీఫ్ ట్యాంక్ అయితే మామూలుగా 1.025 దగ్గర, వేడి 25-26 డిగ్రీలు. ఉప్పు అప్పటికప్పుడు కలిపి పోసెయ్యకండి. రెండు మూడు ఫుడ్ గ్రేడ్ బకెట్లు లేదా టబ్‌లు, పొడుగు గ్లవ్స్, కళ్ళద్దాలు, పాత టూత్‌బ్రష్, పొడుగు పట్టకారు, సిరంజి, సూపర్ గ్లూ జెల్, ఎపాక్సీ పుట్టీ, టార్చ్ లైటు, ఇవన్నీ చేతికి అందేలా పెట్టుకుంటే మధ్యలో తడి చేతులతో ఇల్లంతా తిరిగే పని ఉండదు. ట్యాంక్ ఫోటోలు ముందు నుంచి, పక్కల నుంచి, పై నుంచి తీసుకోండి, ఏ పగడం ఎంత ఎత్తులో, ఏ దిక్కుకి తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు.

గ్లవ్స్, కళ్ళద్దాలు ఏదో పద్ధతికోసం చెప్పలేదు. జోయాంథిడ్స్‌లో (గుంపులుగా పెరిగే, పగడాల లాంటి జీవులు, జోయాలు అంటారు), ముఖ్యంగా పాలిథోవా రకాల్లో పాలిటాక్సిన్ అనే చాలా తీవ్రమైన విషం ఉండొచ్చు. చేతి మీద చిన్న గాయం ఉన్నా, కంట్లో చిమ్మినా, ఆవిరి పీల్చినా ప్రమాదమే. 2012 నుంచి 2014 మధ్య అలాస్కాలో ఇళ్ళలోనూ, అక్వేరియం షాపుల్లోనూ ఇలా ఆవిరి పీల్చి జబ్బుపడ్డారని అనుమానించిన కేసులని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ తర్వాత రిపోర్ట్ చేసింది. కాబట్టి తెగుళ్ళు చచ్చిపోతాయి కదా అని రాయిని గిన్నెలో వేసి మరిగించడం, ఓవెన్‌లో పెట్టడం, వేడినీళ్ళతో కడగడం, జోయాల మీద బ్రష్‌తో గట్టిగా రుద్దడం, ఇవేవీ ఇంట్లో చెయ్యనే చెయ్యకండి. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఆ గదిలోకి రానివ్వద్దు. గాయాల్లోంచి మైకోబాక్టీరియం మారినమ్ అనే బాక్టీరియా కూడా ఒంట్లోకి వస్తుంది, వారాల తరబడి మానని పుండు పడితే డాక్టర్‌కి అక్వేరియం ఉందని తప్పకుండా చెప్పండి.

పని రోజున ముందుగా హీటర్ ఆఫ్, పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడే నీళ్ళు తీయడం మొదలు, వేడిగా ఉన్న హీటర్ గాలిలో తేలితే పగిలిపోతుంది. రిటర్న్ పంప్ (ఫిల్టర్ నుంచి నీళ్ళని తిరిగి ట్యాంక్‌లోకి పంపేది), పవర్‌హెడ్లు, స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) అన్నీ ఆపెయ్యండి. శుభ్రంగా ఉన్న ట్యాంక్ నీళ్ళని టబ్‌లలోకి సైఫన్ చేసి (గొట్టంతో కిందికి లాగి), ముందు పగడాలున్న రాళ్ళని, తర్వాత మిగతా రాళ్ళని అందులో పెట్టండి, ఒక పవర్‌హెడ్, అవసరమైతే హీటర్ వెయ్యండి. స్పాంజ్ కనపడే రాళ్ళని గాలిలోకి తియ్యకుండా, బకెట్‌నే ట్యాంక్‌లో ముంచి నీళ్ళతో సహా ఎత్తండి. రాయి తీసిన చోట ఇసుకని చేత్తో కలపకుండా పైపైన ఉన్న మురికిని సైఫన్‌తో లాగెయ్యండి, ఆ నీళ్ళు మళ్ళీ ట్యాంక్‌లోకి పోయొద్దు. చేపల్ని పట్టాల్సిన పనిలేదు, మూడో వంతు రాళ్ళు తీస్తే మిగతా వాటిలో దాక్కుంటాయి.

ఇప్పుడు రాయి చేతిలో ఉంది. దాన్ని ఒకసారి బకెట్‌లో నీళ్ళలోనే అటూ ఇటూ ఊపండి, మురికి అంతా దిగిపోతుంది. తర్వాత టార్చ్ వేసి రంధ్రం రంధ్రం చూడండి. పీతలు, మాంటిస్ ష్రింప్ (ముందు చేతులతో వేటాడే, రొయ్య లాంటి జీవి) లాంటివి రాయిలో దాక్కున్నాయని అనుమానం ఉంటే, పగడాలు లేని రాయిని మాత్రం మామూలుకన్నా ఎక్కువ ఉప్పు నీళ్ళలో, అంటే 1.035 దాటిన నీళ్ళలో కాసేపు ముంచితే కదిలే జీవులు చాలావరకు బయటికి వస్తాయి. మంచివి కూడా వస్తాయి సుమా, వాటిని ఏరి మళ్ళీ మామూలు నీళ్ళలో వదలండి. మంచినీళ్ళలో ఎక్కువసేపు నానబెట్టడం నాకు నచ్చదు, తెగులుతో పాటు రాయి మీదున్న ప్రాణమంతా పోతుంది.

అందరినీ ఏడిపించేది ఐప్టేసియా. గోధుమ రంగులో, గాజులా పారదర్శకంగా, సన్న టెంటకిల్స్‌తో (తీగల్లాంటి చేతులు) ఉంటుంది, ముట్టుకోగానే చటుక్కున రంధ్రంలోకి పోతుంది. దాన్ని గీకడం, తెంపడం అసలు వద్దు, అడుగున చిన్న ముక్క మిగిలినా అది కొత్త ఐప్టేసియా అవుతుంది, ఒకటి పదవుతాయి. రాయి బయట ఉన్నప్పుడు దారి తేలిక, అది కూర్చున్న చిన్న ముక్కని ఉలితో రాయితో సహా విరిచి పారెయ్యండి, విరవడం కుదరకపోతే దాని మీద, రంధ్రం మీద సూపర్ గ్లూ జెల్ లేదా ఎపాక్సీ పెట్టి పూర్తిగా పూడ్చెయ్యండి. ట్యాంక్ లోపలే ఉన్నవాటికి కాల్క్‌వాసర్ (కాల్షియం హైడ్రాక్సైడ్) పొడిని కొద్దిగా నీళ్ళతో చిక్కటి పేస్ట్ చేసి, పంపులు ఆపి, సిరంజితో నెమ్మదిగా దాని నోటి మీద వదలాలి, ఇరవై నిమిషాలాగి పంపులు వెయ్యాలి. ఇది పీహెచ్‌ని పెంచుతుంది కాబట్టి ఒకేరోజు ముప్పై నలభై వాటికి కొట్టెయ్యకండి, రోజుకి నాలుగైదు చాలు.

పదుల సంఖ్యలో ఉన్నాయంటే సిరంజితో తేలదు, తినేవాటిని పెట్టాలి. బెర్గియా అనే చిన్న న్యూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) ఐప్టేసియా తప్ప ఇంకేమీ తినదు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే, కానీ ఓపిక కావాలి, కొన్ని నెలలు పడుతుంది, రాస్ చేపలు, పెప్పర్‌మింట్ ష్రింప్ అనే రొయ్యలు ఉంటే బెర్గియాలనే తినేస్తాయి. పెప్పర్‌మింట్ ష్రింప్ చిన్న ఐప్టేసియాని తింటాయి, అన్నీ తినవు, కొన్ని మనం వేసే మేతకే అలవాటుపడతాయి. కొనేటప్పుడు కేమెల్ ష్రింప్‌ని చూసి మోసపోవద్దు, దానికి ఎరుపు మధ్యలో తెల్ల గీతలు, చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వీపు మీద గూని ఉంటుంది, అది పగడాల్ని పీకుతుంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప కూడా ఐప్టేసియాని తింటుంది గానీ అది మేత పట్టడమే కష్టం, ఐప్టేసియా కోసమని దాన్ని తెచ్చి చంపుకోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది. మజానో అనే ఇంకో ఎనిమోన్ ఉంది, పొట్టిగా, టెంటకిల్స్ కొసలు ఉబ్బి, ఆకుపచ్చగానో గులాబీగానో అందంగా ఉంటుంది, అదీ తెగులే, కానీ దాన్ని బెర్గియా ముట్టదు, గ్లూ లేదా పేస్టే దారి.

బ్రిజిల్ వార్మ్‌లు (ఒంటి పక్కల ముళ్ళుండే పురుగులు) కనపడగానే చంపేస్తారు, అది తప్పు. అవి మిగిలిపోయిన మేత, చచ్చినవి తిని ట్యాంక్‌ని శుభ్రంగా ఉంచేవి, విపరీతంగా పెరిగాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. చేతికి ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి గ్లవ్స్ ఉంటే చాలు, గుచ్చుకుంటే టేప్ అంటించి లాగితే ముళ్ళు వచ్చేస్తాయి. పగడాల్ని తినే ఫైర్‌వార్మ్ వేరే, లావుగా, ముళ్ళ కుచ్చులు దట్టంగా తెల్లగా, దాని మొదట్లో ఎర్రటి జాడ ఉంటుంది, అలాంటిది దొరికితే మాత్రం పట్టకారుతో తీసెయ్యండి. చిన్న ఆస్టెరీనా నక్షత్ర చేపలు కూడా ఎక్కువ భాగం హాని లేనివే.

బబుల్ ఆల్గేని, ఆకుపచ్చ గాజు గోళీల్లా ఉంటుంది, ట్యాంక్ బయట బకెట్‌లోనే గోటితో మొదటినుంచి ఊడదీయండి, రాయిని ఆ నీళ్ళలో కడిగి ఆ నీళ్ళు పారబోయండి. ఎమరాల్డ్ క్రాబ్ దీన్ని తింటుంది, పెద్దదైతే పగడాలు, చిన్న చేపల మీద కూడా కన్నేస్తుంది. జుట్టు నాచుని పీకి, టూత్‌బ్రష్‌తో బకెట్‌లో రుద్దండి, కానీ ఫాస్ఫేట్, నైట్రేట్ తగ్గించకుండా ఎన్నిసార్లు పీకినా వస్తూనే ఉంటుంది. ఈక ఆకారంలో ఉన్న బ్రయాప్సిస్ నాచు అయితే పీకడం దండగ, ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు పనిచేస్తుంది, వేసేముందు ఫిల్టర్‌లోని కార్బన్ (నీళ్ళలోని మందుల్ని, విషాల్ని పీల్చే బొగ్గు) తీసి, స్కిమ్మర్ ఆపాలి, డోసు ఆ ప్యాకెట్ మీద చూసి వెయ్యండి.

ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌లు (చదునైన చిన్న పురుగులు) తుప్పు రంగులో, వెనక చిన్న తోకలతో గుంపులుగా ఇసుక, రాళ్ళ మీద పరుచుకుంటాయి. ఇవి చచ్చేటప్పుడు వదిలే విషమే అసలు భయం, అందుకే వాటిని చంపే మందు వేసేముందు సన్న గొట్టంతో ఫిల్టర్ సాక్‌లోకి (వడకట్టే సంచి) వీలైనన్ని సైఫన్ చేసెయ్యాలి, రోజు విడిచి రోజు అలా తగ్గించాకే మందు, ఆ వెంటనే తాజా కార్బన్, పెద్ద వాటర్ చేంజ్. సిక్స్‌లైన్ రాస్, మెలనూరస్ రాస్ కొంత తింటాయి. కాపర్ ఉన్న ఏ మందూ రీఫ్ ట్యాంక్‌లో వెయ్యకూడదు, నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి, రాళ్ళు దాన్ని పీల్చుకుని తర్వాత వదులుతూనే ఉంటాయి.

రాత్రిపూట టక్‌టక్ మని శబ్దం వస్తే అందరూ మాంటిస్ అనుకుంటారు, పిస్టల్ ష్రింప్ కూడా అలాగే చేస్తుంది, దానివల్ల మామూలుగా సమస్య లేదు. కాడల మీద కళ్ళు విడివిడిగా తిరుగుతూ, ప్రేయింగ్ మాంటిస్ పురుగులా మడిచిన ముందు చేతులుంటే మాంటిస్. ఆ రంధ్రంలో వేలు పెట్టకండి. రాయిని బకెట్ మీద పట్టుకుని రంధ్రంలోకి కార్బొనేటెడ్ నీళ్ళు సిరంజితో కొడితే బయటికి వస్తుంది. గొట్టాల్లా అతుక్కుని జిగురు దారాలు వదిలే వెర్మెటిడ్ నత్తలని పట్టకారుతో విరిచి, ఆ రంధ్రం మీద సూపర్ గ్లూ పెట్టండి.

ఇక పేర్చడం. ట్యాంక్ అడుగు కొలతకి అట్ట ముక్క కోసుకుని, దాని మీద ముందే పేర్చి చూసుకుంటే నీళ్ళలో కుస్తీ తగ్గుతుంది. కింద రాయి ఇసుక మీద కాదు, అద్దం మీద కూర్చోవాలి, అద్దం మీద పలచటి అక్రిలిక్ షీటు పరిచి దాని మీద రాయి, ఆ తర్వాత చుట్టూ ఇసుక, ఎందుకంటే గోబీ చేపలు, పిస్టల్ ష్రింప్‌లు రాయి కింద ఇసుక తవ్వేస్తాయి, గుట్ట ఒరిగి అద్దం మీద పడిందంటే అంతే. ప్రతి రాయికీ కింద కనీసం మూడు చోట్ల ఆధారం ఉండాలి, చేత్తో నెట్టితే కదలకూడదు. అతికించడానికి గ్లూ, దాని మీద ఎపాక్సీ, మళ్ళీ గ్లూ, ఇలా పొరలుగా వేస్తే గట్టిగా పట్టుకుంటుంది, బరువైన వాటికి అక్రిలిక్ రాడ్ దూర్చండి. ఎపాక్సీ వాడితే ఒకటి రెండు రోజులు స్కిమ్మర్ విపరీతంగా నురగ కక్కుతుంది, కప్పుని కనిపెట్టి ఉండండి. అద్దాలకి, రాళ్ళకి మధ్య అరచేయి, అద్దం తుడిచే మాగ్నెట్ దూరేంత ఖాళీ అన్ని వైపులా వదలండి, వెనక గోడకి ఆనించి గుట్ట వెయ్యకండి, నీళ్ళు రాళ్ళ గుండా తిరిగితేనే మురికి నిలవదు. టాంగ్ చేపలకి ఈదడానికి పొడుగు ఖాళీ, చిన్న చేపలకి గుహలు రెండూ ఆలోచించండి. టార్చ్ కోరల్, ఫ్రాగ్‌స్పాన్, గలాక్సియా లాంటి పగడాల పక్కన ఖాళీ ఎక్కువే వదలండి, రాత్రిపూట స్వీపర్ టెంటకిల్స్ అనే పొడుగాటి తీగలు చాచి పక్కవాటిని కుడతాయి.

నీళ్ళు నింపి, హీటర్, పంపులు వేశాక కొత్త కార్బన్ పెట్టి, అమోనియా టెస్ట్ ఆరోజు రాత్రి, మర్నాటి నుంచి ఒక వారం రోజూ చెయ్యండి. అమోనియా కనిపిస్తే వాటర్ చేంజ్, మేత సగానికి తగ్గించండి. ముందుకన్నా పైకి వచ్చిన పగడాల కోసం లైట్ తగ్గించి రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. మొదటి రెండు మూడు రోజులు చేపలు కొట్టుకోవచ్చు, వాటి పాత హద్దులు పోయాయి కదా, కొత్త చేపని కలపాలనుకుంటే నిజానికి ఇదే మంచి సమయం, అయితే క్వారంటైన్ అయిపోయిన చేపనే. చీకటి పడ్డాక ఎర్ర లైటుతో ప్రతి రెండు రోజులకీ ఒకసారి చూస్తూ ఉండండి, గ్లూ పెట్టిన అంచుల పక్కన కొత్త ఐప్టేసియా చిన్నగా ఉన్నప్పుడే కనపడుతుంది, అప్పుడు ఒక్క చుక్క కాల్క్ పేస్ట్ సరిపోతుంది.