లైడార్ డేటా కొనే ముందు తేదీ అడగండి

విమానం నుంచి లేజర్‌తో కొలిచిన డేటా, అంటే లైడార్ డేటా, కొనేటప్పుడు చదరపు మీటరుకు ఎన్ని పాయింట్లని (లేజర్ తాకి కొలిచిన చోట్లని) అందరూ అడుగుతారు. నేనైతే ముందు ఏ నెలలో ఎగిరారో అడుగుతాను. వరంగల్ వైపున్న పాకాల అడవినే తీసుకోండి. వానాకాలంలో కిరణాల్లో చాలా భాగం ఆకుల మీదే ఆగిపోతుంది. కాగితం మీద 12 పాయింట్లని ఉన్నా నేలను తాకినవి ఒకటో అరో. టేకు ఆకు రాల్చాక, మార్చిలో తీస్తే, తక్కువ సాంద్రతలోనూ కాలిబాటలు, పాత కట్టల గీతలు బయటపడతాయి. అందుకే నమూనాగా ఒక ముక్క తెప్పించుకుని, 2వ తరగతి పాయింట్లను, అంటే నేలగా గుర్తించినవాటిని మాత్రమే వేరుచేసి లెక్కపెట్టండి. అమ్మేవారు చెప్పే మొత్తం లెక్కలో చింతచెట్టు కొమ్మలూ కలిసి ఉంటాయి మరి!

చెరువుల సామర్థ్యం కోసమైతే, నీళ్లు తగ్గి ఉండే మే నెల డేటా మేలు. మామూలుగా వాడే 1064 నానోమీటర్ల పరారుణ లేజర్ నీళ్లలోకి దిగదు. నిండిన చెరువు ఉన్నచోట ఖాళీ మచ్చ మిగులుతుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ దిగుతుంది గానీ, మన బురదనీళ్లలో దానికీ చూపు ఆనదు.

ఎత్తులు సముద్రమట్టం నుంచా, ఉపగ్రహ లెక్కలోని దీర్ఘవృత్తాభం (భూమి ఆకారానికి దగ్గరగా ఊహించుకున్న నున్నటి రూపం) నుంచా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మన దగ్గర రెండింటికీ తేడా సుమారు 70 మీటర్లు. వరంగల్ నేల సముద్రమట్టానికి 260 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. మీ ఫైలులో కోట దగ్గర 190 చిల్లర కనిపిస్తే, అది దీర్ఘవృత్తాభం లెక్కే. జియాయిడ్ సవరణ, అంటే ఆ ఎత్తును సముద్రమట్టం లెక్కలోకి మార్చడం, చేయకుండా కాలువ వాలు గీయకండి.