వరద హెచ్చరిక ప్యాకేజీకి సీఐ టెస్టింగ్ పెట్టడం ఎలా?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ మట్టాన్ని చదివి కోనసీమ లంకల్లో వాళ్లకు మెసేజ్ పంపే పైథాన్ ప్యాకేజీని ఓపెన్ సోర్స్‌లో పెట్టారనుకోండి. ఎవరు ఏ లైను మార్చినా టెస్టులు వాటంతటవే నడవాలి. సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) అంటే అదే.

కావలసినవి గిట్‌హబ్‌లో పబ్లిక్ రిపో (అందరికీ కనిపించే కోడ్ ఖజానా), పైటెస్ట్ అనే పైథాన్ టూల్‌తో రాసిన టెస్టులు. పబ్లిక్ రిపోలకు గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ సొంత సీఐ సర్వీసు) మామూలు రన్నర్లు, అంటే టెస్టులు నడిపే మెషీన్లు, ఉచితమే. ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద జెంకిన్స్ అనే సీఐ సర్వర్ పెట్టుకుంటామంటారు కొందరు. వద్దు. గాలివానకు కరెంటు పోయే రోజుల్లోనే ఈ కోడ్‌ను అర్జెంటుగా సరిచేయాల్సి వస్తుంది.

‘.గిట్‌హబ్’ ఫోల్డర్‌లో ‘వర్క్‌ఫ్లోస్’, అందులో ఒక యామల్ ఫైల్ (ఏం నడపాలో రాసే సెట్టింగుల ఫైల్). పుష్‌కీ (కోడ్ పంపినప్పుడు) పుల్ రిక్వెస్ట్‌కీ (మార్పును కలపమని అడిగినప్పుడు) నడవమనండి. చెకౌట్ (రన్నర్‌లోకి కోడ్ తెచ్చుకోవడం), పైథాన్ సెటప్, ఇన్‌స్టాల్, పైటెస్ట్, అంతే. ట్యాబ్ వాడకండి, స్పేసులే. 3.10 వెర్షన్‌ను కొటేషన్లలో రాయండి, లేకపోతే అది 3.1 అయి కూర్చుంటుంది.

అందరూ పాడుచేసేది టైము దగ్గర. రన్నర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. తెల్లవారుజామున 3 గంటలకు తీసిన రీడింగ్ అక్కడ నిన్న రాత్రి 9:30 అవుతుంది. ‘ఈరోజు గరిష్ఠ మట్టం’ నిన్నటి ఖాతాలో పడుతుంది. ఇదే టెస్టు మధ్యాహ్నం నడిపితే పాస్, అర్ధరాత్రి దాటాక ఫెయిల్. పొద్దున మళ్లీ నడిపి, పచ్చ టిక్కు చూసి అసలు కోడ్‌లో మెర్జ్ చేసేస్తారు. దయచేసి అలా చేయకండి.

వర్క్‌ఫ్లోలో టైమ్‌జోన్ మార్చేసి చేతులు దులుపుకునేవాళ్లూ ఉన్నారు. దాంతో తప్పు కనబడకుండా పోతుంది తప్ప, సరికాదు. రేపు ప్యాకేజీ నడిచే సర్వర్ కూడా యూటీసీలోనే ఉండొచ్చు. కోడ్‌లోనే జోన్‌ఇన్ఫో అనే పైథాన్ టైమ్‌జోన్ మాడ్యూల్‌తో ‘ఆసియా/కోల్‌కతా’ అని రాయండి. విండోస్‌లో నడవాలంటే టీజెడ్‌డేటాను (టైమ్‌జోన్ల సమాచారమున్న ప్యాకేజీ) డిపెండెన్సీల్లో చేర్చండి. టెస్టులు మెషీన్‌ను ఇప్పుడు టైమెంత అని అడగనే కూడదు. తెల్లవారుజాము 3 గంటలని మీరే ఇవ్వండి, మట్టం 11.74 ఒకసారి, 11.75 ఒకసారి ఇవ్వండి. రీడింగుల కోసం టెస్టులు వెబ్‌సైట్ల జోలికీ వెళ్లకూడదు. నమూనాలు రిపోలోనే దాచుకోండి.

చివరగా గిట్‌హబ్‌లో మెయిన్ బ్రాంచ్ (అసలు కోడ్ ఉండే శాఖ) రూల్స్‌లో ఈ చెక్‌ను తప్పనిసరి చేయండి. ఒకసారి నడిచాకే దాని పేరు అక్కడి జాబితాలో కనిపిస్తుంది. అడ్మిన్లకు కూడా మినహాయింపు ఇవ్వకండి.