గ్రూపులోకి బాట్‌ను తెచ్చే ముందు మనుషుల్ని అడగండి

టెలిగ్రామ్‌లో బాట్ (తనంతట తానే మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్) పెట్టడం పెద్ద పనేం కాదు. కొత్త బాట్‌లు చేసిచ్చే టెలిగ్రామ్ వాళ్ల బాట్‌ఫాదర్‌కి మెసేజ్ పెట్టి, పేరు చెప్పి, టోకెన్ (బాట్‌ని నడిపే తాళంచెవి లాంటి కోడ్) తీసుకుంటే సగం పని అయిపోయినట్టే. కష్టమంతా ఆ తర్వాతే, వందల మంది ఉన్న గ్రూపులో దాన్ని ఎంత మాట్లాడనివ్వాలి, ఎక్కడ మాట్లాడనివ్వాలి అన్న దగ్గర. గ్రూప్-2కి చదువుకునేవాళ్ల గ్రూపు ఒకటి నేను చూసుకుంటున్నాను కాబట్టి ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మేం మొదట్లో రోజుకు ఇరవై కరెంట్ అఫైర్స్ ప్రశ్నలు పొద్దున్నుంచి రాత్రి దాకా మెయిన్ చాట్‌లోనే వేయించాం. ప్రశ్నలు మంచివే. ఒకరోజు రాత్రి ఒకమ్మాయి, ప్రిలిమ్స్ రెండోసారి పోయింది, ఇంట్లో ఇక చాలంటున్నారు, ఏం చేయాలో తోచడం లేదు అని రాసింది. దాని కిందే వరసగా మూడు క్విజ్‌లు పడ్డాయి, ఆ మెసేజ్ పైకి వెళ్లిపోయింది, పొద్దున ఎవరో చూసి జవాబు రాసేసరికి ఆమె గ్రూపులో లేదు. నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత అందరినీ అడిగితే చాలామంది ఎప్పుడో మ్యూట్ చేసేశామన్నారు. బాట్ మీద ఎవరికీ కోపం లేదు, "తెరిస్తే మనుషులు రాసిందెక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోందండీ" అన్నారొకాయన.

అందుకే ముందు ఒక పోల్ పెట్టండి. బాట్ కావాలా వద్దా అని మాత్రమే అడిగితే అందరూ కావాలనే నొక్కుతారు, రోజుకు ఎన్ని పోస్టులు, ఏ టైమ్‌కి అని కూడా అడగండి, అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. తర్వాత గ్రూప్ సెట్టింగ్స్‌లో టాపిక్స్ (గ్రూపులోనే విడివిడి విభాగాలు) ఆన్ చేసి బాట్‌కి విడిగా ఒక టాపిక్ ఇవ్వండి, వద్దనుకున్నవాళ్లు అదొక్కటే మ్యూట్ చేసుకుంటారు. బాట్ మెసేజ్ పంపే కోడ్‌లో డిసేబుల్ నోటిఫికేషన్ ఆప్షన్ ఆన్ చేస్తే ఫోన్ మోగదు. ఇది తప్పకుండా చేయండి.

చాలామందికి లోపల ఇంకో భయం ఉంటుంది, బయటికి అనరు: ఇది మన మాటలన్నీ చదువుతోందా? టెలిగ్రామ్‌లో ప్రైవసీ మోడ్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, అలా ఉన్నంతవరకు బాట్‌కి స్లాష్‌తో మొదలయ్యే కమాండ్లు, దానికిచ్చిన రిప్లైలు లాంటివే అందుతాయి. కానీ బాట్‌ని అడ్మిన్ చేశారంటే గ్రూపులో ప్రతి మెసేజూ దానికి వెళుతుంది. క్విజ్‌లు వేసే బాట్‌కి అడ్మిన్ హోదా దేనికి? ఇవ్వకండి, ఇవ్వలేదని పిన్ చేసిన మెసేజ్‌లో రాసిపెట్టండి.

మామూలు అకౌంట్‌కి మనిషి పేరు పెట్టి ఏఐతో రాయించిన పోస్టులు వేయించే పని మాత్రం అస్సలు వద్దు. రెడిట్‌లోని చేంజ్ మై వ్యూ అనే గ్రూపులో జ్యూరిక్ యూనివర్సిటీ పరిశోధకులు అదే చేశారు. ఏఐ అకౌంట్లతో వెయ్యికి పైగా కామెంట్లు రాయించారు, ఒకటైతే తనని తాను ట్రామా కౌన్సెలర్‌నని చెప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో మోడరేటర్లు విషయం బయటపెట్టగానే సభ్యులు మండిపడ్డారు. తమ కష్టసుఖాలు మనసు విప్పి రాసిన చోట అవతలివైపు మనిషే లేడని తెలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. టెలిగ్రామ్‌లో మామూలుగా బాట్ చేసేటప్పుడు యూజర్‌నేమ్ చివర బాట్ అని ఉండాలని బాట్‌ఫాదరే అడుగుతుంది, మీరు పైకి కనిపించే పేరులో కూడా ఆ మాట ఉంచండి.

తప్పు జవాబులు కూడా వస్తాయి. మా బాట్ ఒకసారి రాజ్యాంగ సవరణల్లో 73వది పురపాలికలదని, 74వది పంచాయతీలదని తారుమారు చేసి చెప్పింది. తప్పని కింద పది మంది రాశారు, బాట్ ఏం చెబుతుంది పాపం, మర్నాడు మళ్లీ కొత్త ప్రశ్న వేసింది. అప్పటి నుంచి ప్రతి క్విజ్ కింద, తప్పుంటే ఫలానావాళ్లకి చెప్పండి అని ఒక అడ్మిన్ పేరు పెడుతున్నాం, ఆ రోజే దిద్దుతున్నాం.

ఇదంతా చేశాక రెండు వారాలు నడిపి మళ్లీ పోల్ పెట్టండి. వద్దన్నవాళ్లు ఎక్కువగా ఉంటే సభ్యుల జాబితాలోంచి బాట్‌ని తీసేయండి, అవసరమైతే మళ్లీ ఎప్పుడైనా చేర్చుకోవచ్చు.